దయ్యం కథలు వేయండి, దయ్యానికి తెల్లచీర కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని పిల్లల పేజీ గురించి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివాను. మాంత్రికులు, దయ్యాలు, మాయలు ఉన్న కథలు పిల్లలకు వేయడం మానేయాలని, అవి మూఢనమ్మకాలకు ఎరువు వేస్తున్నాయని ఆయన రాశారు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని చెప్పే రాజ్యాంగంలోని 51ఎ(హెచ్)ను గుర్తుచేశారు. ఆయన బాధ నాకు బాగా తెలుసు. నేను మెదక్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. బాణామతి (చేతబడి లాంటిది) చేశారని మనుషుల్ని స్తంభాలకు కట్టి కొట్టిన, పళ్లు పీకిన, చంపిన వార్తలు చదువుతూ పెరిగిన ప్రాంతం మాది. అదే ప్రాంతంలో కూర్చుని నేను ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల కోసం భయం కథలు, మాయల కథలు రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో, ఎలా రాస్తే తప్పవుతుందో మీ ద్వారా ఆయనకూ, పిల్లలకు కథలు రాసే ఇతరులకూ చెప్పాలని ఈ ఉత్తరం.

పేజీలోంచి దయ్యాలను తీసేసినంత మాత్రాన పిల్లల తలల్లోంచి అవి పోవు. మధ్యాహ్న భోజనం అయ్యాక మా బడి వేపచెట్టు కింద కూర్చున్న పిల్లల దగ్గర కాసేపు నిలబడితే చాలు. రాత్రి వాళ్ల అన్న ఫోన్లో చూసిన వీడియో గురించి ఒకడు చెప్తుంటాడు. "గిది కథ గాదురా, నిజంగనే అయిందట. చెర్వు కట్ట మీద రాత్రి ఒక ఆడామె..." మిగతావాళ్లు కంచాలు కడగడం మరిచిపోయి వింటారు. అలాంటి వీడియోలు నేనూ చూశాను. మసక మసక ఫొటో, దాని మీద ఎర్ర సున్న, గుండె అదిరే చప్పుడు, కింద "మీ సమస్య ఏదైనా సంప్రదించండి" అని ఒక ఫోన్ నెంబరు. అందులో కథ లేదు. భయం ఒక్కటే ఉంది, ఆ భయానికి ముగింపు కూడా లేదు. అది నిజంగా జరిగిందన్నారు, పక్క ఊళ్లోనే అన్నారు కాబట్టి పిల్లవాడి వెంట ఇంటిదాకా వస్తుంది, పక్కలో పడుకుంటుంది.

కథలో భయం వేరు. "అనగనగా" అనగానే చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య ఒక ఒప్పందం కుదురుతుంది. ఇది మన వాడకట్టులో జరిగింది కాదు, ఎక్కడో, ఎప్పుడో. మాంత్రికుడు ఎంత గొప్పవాడైనా వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది, ఆ చిలుక దొరికితే వాడి పని అయిపోతుంది. ఎంత భయపెట్టినా గెలిచే దారి కథలోనే ఎక్కడో దాచి ఉంటుందని ఏడేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఆ దారి కథలో రాకుమారుడి కంటే ముందు తనే పట్టుకోవాలని చెవులు రిక్కించి వింటుంది.

మా బడి గ్రంథాలయం అంటే స్టాఫ్ రూములో ఉన్న ఒక ఇనుప బీరువా. అందులో నీతి కథల పుస్తకాలు అట్టలు మెరుస్తూ వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. రాక్షసులు, మాయా గుహలు ఉన్న పుస్తకాలకు అట్టలే లేవు, కుట్లు ఊడాయి, కొన్నిటికి చివరి పేజీలు కూడా లేవు. చివరి పేజీ లేని పుస్తకాన్ని పట్టుకుని "టీచర్, తర్వాత ఏమైంది?" అని వచ్చిన పిల్లల కోసమే నేను రాయడం మొదలుపెట్టాను. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లవాడు కూడా గుహ ద్వారం తెరుచుకునే చోట ఆగడు. చదవడం అలా వస్తుంది. వాచకంలోని పాఠం చదివించడానికి నేను పడే తిప్పలు వాడి దగ్గర పడనక్కర్లేకుండా పోతుంది.

శాస్త్రీయ దృష్టికీ దయ్యం కథకూ పడదనుకునే వారికి మన ఇళ్లలోనే ఉన్న సంగతి ఒకటి చెప్పాలి. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామను తెలుగువాళ్లు తరాల తరబడి చదివారు. అందులో పిశాచాలున్నాయి, మాంత్రికులున్నారు, రాత్రిపూట శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే రాజు ఉన్నాడు. ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘంలో ఉన్న మనిషి, సైన్సు గురించి సామాన్యులకు అర్థమయ్యేలా వ్యాసాలు రాసిన మనిషి. అదే కార్యాలయంలో కూర్చుని దాసరి సుబ్రహ్మణ్యం గారు మాంత్రికుల సీరియళ్లు రాశారు, చిత్ర గారు వాటికి బొమ్మలు వేశారు. మాయల కథ పిల్లల బుర్ర పాడు చేస్తుందని అనుకుని ఉంటే కుటుంబరావు గారు అన్నేళ్లు ఆ పని చేసేవారు కాదు. పిల్లలకు ఏది కల్పనో ఏది నిజమో తెలుసుకునే తెలివి ఉందని ఆయన నమ్మారు. ఆ నమ్మకం మనకు తగ్గింది.

బేతాళ కథల సంగతే తీసుకోండి. 11వ శతాబ్దంలో కశ్మీర్‌లో సోమదేవుడు సంస్కృతంలో కూర్చిన కథల్లో ఉన్నవి ఇరవై అయిదు. చందమామ ఆ చట్రం తీసుకుని దశాబ్దాల పాటు నెలనెలా కొత్తవి రాయించి వేసింది. చిన్నప్పుడు ఆ బొమ్మ చూసి దుప్పటి ముసుగేసుకున్నవాళ్లం చాలామందిమే ఉంటాం. కానీ ఆ శవం రాజును ఏం చేస్తుంది? కొరకదు, పీక నులమదు. కథ చెప్పి ప్రశ్న వేస్తుంది. ఇందులో తప్పెవరిది, త్యాగం ఎవరిది, న్యాయం ఎటుంది? జవాబు తెలిసీ నోరు మెదపకపోతే తల పగిలిపోతుంది. చెప్తే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నేను తరగతిలో ఈ కథలు చెప్పేటప్పుడు రాజు జవాబు చెప్పబోయే చోట ఆగిపోతాను. అప్పుడు చూడాలి. అప్పటిదాకా ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న పిల్లలు లేచి నిలబడి వాదించుకుంటారు. "తప్పు రాజుదే టీచర్, భటుడు చెప్పిన పని చేసిండంతే." "చెప్తే మాత్రం చేస్తడా, ఆయనకు తెలివి లేదా?" గంట కొట్టినా ఆపరు. శవం సంగతి ఎవరికీ గుర్తుండదు. పిల్లల చేత న్యాయం గురించి అంతసేపు మాట్లాడించే పాఠం నాకు ఇంకొకటి దొరకలేదు.

ఇంతవరకు నేను ఆ పెద్దాయనకు ఎదురు చెప్పాను. ఇక ఆయన పక్కన నిలబడి చెప్పాల్సిన మాట ఉంది.

ఒకసారి ఆరో తరగతి పిల్లలను దయ్యం బొమ్మ గీయమన్నాను. దాదాపు అందరూ ఒకటే గీశారు: తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, బొట్టు లేని నుదురు, గాజుల్లేని చేతులు. ఆ బొమ్మలన్నీ బల్ల మీద పరుచుకుని చూస్తుంటే నాకు మా ఊళ్లో భర్తలు పోయిన ఆడవాళ్లే కనిపించారు. బొట్టు, గాజులు తీయించింది మనం. ఆ రూపానికే దయ్యం అని పేరు పెట్టి సినిమాల్లో, అట్టల మీద, పిల్లల పేజీల్లో వేసిందీ మనమే. ఆ తరగతిలోనే నానమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలున్నారు. ఆ నానమ్మలు అలాగే ఉంటారు.

మంత్రగత్తెను గీయమంటే ఇంకో బొమ్మ: వంకర ముక్కు, గడ్డం మీద పులిపిరి, కోసుగా ఉన్న నల్లటోపీ, చీపురు. ఆ టోపీ మన పల్లెల్లో ఏ అవ్వా పెట్టుకోలేదు, ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లోంచి వచ్చింది. ఆ టోపీ తీసేసి చూస్తే మిగిలేది ఎవరూ లేని ఒక ముసలమ్మ.

నేను పెరిగిన ఊళ్లో మా వాడకట్టు చివర అలాంటి ఒక అవ్వ ఉండేది. పిల్లల్లేరు, పెనిమిటి పోయాడు. అరుగు మీద గంప పెట్టుకుని ఉడికిన శనగలు, రేగుపళ్లు అమ్మేది. ఆకులు, వేర్లు బాగా తెలుసు, బాలింతలకు కషాయం కాచి ఇచ్చేది. ఒక వానాకాలం ఊళ్లో జ్వరాలు వచ్చి పసిపిల్లలు పోయారు. ఎవరి నోట మొదలైందో గానీ "ఆమె చూపు మంచిది గాదు" అన్న మాట పుట్టింది. ఆ మాటకు పిల్లల కథలు తోడయ్యాయి: అర్ధరాత్రి ఆమె బావి కాడ దీపం పెడుతుందట, కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయట. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గంప దగ్గరికి పోవడం మానేశారు. మా అమ్మ మాత్రం "పో, అవ్వ ఒక్కతే కూసున్నది" అని చిల్లర చేతిలో పెట్టి నన్ను పంపేది. కొన్నాళ్లకు ఆ అవ్వ చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. ఆమె ఇంటి జాగ ఎవరి దొడ్లో కలిసిందో ఊళ్లో అందరికీ తెలుసు.

చేతబడి, బాణామతి అన్న ఆరోపణల వెనక తవ్వి చూస్తే ఇవే బయటపడతాయి. వైద్యం అందని జ్వరం, మూర్ఛ, ఉన్నట్టుండి చచ్చిపోయిన ఎడ్లు, గట్టు తగాదా, ఒంటరి మనిషి పేర ఉన్న గుంటెడు భూమి. దేశంలో జరిగే హత్యల లెక్కలు కట్టే జాతీయ నేర రికార్డుల బ్యూరో, హత్యకు కారణాల పట్టికలో మంత్రవిద్య అని విడిగా ఒక వరుస పెట్టాల్సి వచ్చింది. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపాక మహారాష్ట్ర ఆ ఏడాదే మూఢాచారాల మీద చట్టం చేసింది, 2017లో కర్ణాటక చేసింది. మన దగ్గర జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు ఊరూరా తిరిగి మంత్రాల గుట్టు విప్పి చూపిస్తున్నాయి. ఇంత జరుగుతున్న చోట పిల్లల కథలో ఊరి చివర ముసలమ్మను మంత్రగత్తెను చేయడం ఊరికే కల్పన అని సరిపెట్టుకోలేం. ఆ కథ విన్న పిల్ల బయటికి రాగానే ఊరి చివర ముసలమ్మ ఎదురవుతుంది. ఏడు సముద్రాల అవతల ఉండాల్సిన భయం ఆమె గడప దగ్గర దిగబడుతుంది.

పాత కథలకూ ఈ జబ్బు ఉంది. నాకు ప్రాణమైన కథ బాలనాగమ్మది. బుర్రకథగా విన్నాను, తోలుబొమ్మల్లో చూశాను. మాంత్రికుడు ఎత్తుకుపోయిన తల్లిని విడిపించడానికి కొడుకు బాలవర్ధి, వాడి ప్రాణం ఉన్న చిలుకను వెతుక్కుంటూ వెళ్లే ఘట్టం ఇప్పటికీ నేను తరగతిలో చెప్తాను. కానీ అందులో దొంగ మాంత్రికుడు ఒకచోట మాయల మరాఠీ, ఇంకోచోట మాయల ఫకీరు. అంటే పరాయి భాషవాడు, లేదా పరాయి మతంవాడు. మా ఊరి దర్గా నుంచి నెమలి ఈకల కట్ట, ధూపం పట్టుకుని వచ్చే ఫకీరును చూసి పిల్లలు తలుపు చాటుకు పరిగెత్తడం నేను చూశాను. ఆయన దువా చెప్పి ఇచ్చింది పుచ్చుకుని పోయే మనిషి. అందుకే నేను ఆ కథ చెప్పేటప్పుడు "మాయలోడు" అంటాను, ఊరు పేరు, కులం, మతం ఏమీ చెప్పను. కథ కొంచెం కూడా పలచబడలేదు. చిలుక మెడ విరిచే చోట పిల్లలు ఇప్పటికీ ఊపిరి బిగబడతారు.

పిల్లల నోట పుట్టిన మాట ఎంత దూరం పోతుందో చరిత్రలో ఉంది. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెల విచారణలు మొదలైంది తొమ్మిదేళ్ల పిల్ల, పదకొండేళ్ల పిల్ల ఏదో సోకినట్టు వంకర్లు పోవడంతో. మొదట పేర్లు బయటికొచ్చిన ముగ్గురు ఎవరు? ఒక బానిస స్త్రీ, ఒక బిచ్చగత్తె, జబ్బుపడ్డ ఒక ఆడమనిషి. ఆ ఏడాది పూర్తికాకముందే పందొమ్మిది మందిని ఉరి తీశారు. సముద్రాల అవతల, మూడు వందల ఏళ్ల కిందటి సంగతి అది. వేలు ముందుగా ఎవరి వైపు లేచిందో చూస్తే మా వాడకట్టు గుర్తొస్తుంది.

కాబట్టి నేను రాసేటప్పుడు దయ్యం ఎవరై ఉండాలన్నది అన్నిటికంటే ముందు తేల్చుకుంటాను. కథలో భయపెట్టేవాడు ఊళ్లో అధికారం ఉన్నవాడై ఉండాలి. ఇందుకు మా ప్రాంతంలో వెతుక్కోనక్కర్లేదు, పాడుబడ్డ గడులు, అంటే ఒకప్పటి దొరల కోటల్లాంటి ఇళ్లు ఉన్నాయి. ఎత్తైన గోడలు, విరిగిన మెట్లు, కప్పులోంచి మొలిచిన రావి మొక్కలు, గబ్బిలాల వాసన. పిల్లలు పగలు క్రికెట్ ఆడతారు, చీకటి పడితే అటు చూడరు. ఆ గోడల మధ్య వెట్టిచాకిరీ చేసిన వాళ్ల మనవళ్ల మనవరాళ్లే నా తరగతిలో ఉన్నారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి వాళ్లకు వాచకంలో కాస్త ఉంది. గడి అంటే అసలు భయం ఏమిటో మాత్రం వాచకం చెప్పదు. ఆ పని దయ్యం కథ చేయగలదు.

నా కథలో చచ్చిపోయిన దొర లెక్కల పుస్తకం ఇంకా బతికే ఉంటుంది. అమావాస్య రాత్రి గడి పై అంతస్తులో లాంతరు వెలుగుతుంది, కలం గీరుకునే చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. పుస్తకంలో ఎవరి పేరు మీద వడ్డీ ఎక్కితే తెల్లారేసరికి వాళ్ల నీడ పోతుంది. నీడ పోయినవాళ్లు ముందు పాటలు మరిచిపోతారు, తర్వాత పిల్లల పేర్లు, ఆఖరున సొంత పేరు. కథలో పిల్లకు పదకొండేళ్లు. ఒకరోజు పొద్దుగూకి దీపం పెట్టేసరికి గోడ మీద తన నీడ ఒక్కటే ఉంటుంది. అమ్మ పక్కనే నిలబడి ఉంటుంది, గోడ మీద ఉండదు. తరగతిలో అందరికంటే అల్లరి పిల్లవాడు కూడా అక్కడ నోరు విప్పలేదు. ఆ రాత్రి ఇంట్లో కరెంటు పోతే వాడు మైనపొత్తి ముందు చేతులు ఆడించి గోడ మీద నీడ చూసుకున్నాడని వాళ్లమ్మ తర్వాత నాకు చెప్పి నవ్వింది.

రక్తం ఒక్క చుక్క లేదు ఆ కథలో. పిల్లల భయం కథకు రక్తం అక్కర్లేదని నా గట్టి నమ్మకం. రోజూ ఉండేది ఒకటి ఉన్నట్టుండి లేకపోతే చాలు.

ఆ పిల్ల గడిలోకి వెళ్తుంది. దొర దయ్యానికి ఒక కట్టుబాటు ఉంది: లెక్క అడిగితే పుస్తకం చూపించి తీరాలి. బతికున్నప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. పిల్ల పుస్తకం తెరిచి గట్టిగా చదువుతుంది. తీసుకున్నది వంద రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి పుస్తకంలో రాసింది 240. అక్కడ నేను ఒక్క క్షణం ఆగుతాను. ఎనిమిదో తరగతిలో ఆ క్షణంలో వెనక బెంచీ నుంచి కేక వచ్చింది, "ఇరవై నాలుగే టీచర్! సున్న ఎక్కువ పెట్టిండు!" కథలో పిల్ల కూడా అదే అంటుంది. అనగానే ఆ అంకె చెరిగిపోతుంది, దొర ఒక జానెడు పొట్టివాడవుతాడు, ఊళ్లో ఒకరి నీడ ఇంటికి తిరిగి వస్తుంది. పుస్తకం చాలా లావు. తెల్లారేదాకా చదవాలి, లాంతరులో నూనె అయిపోతుంటుంది. మిగతాది చెప్పను, మీరు చదవాలి.

ఇది చిన్న పిల్లలకు చెప్పను. ఒకటో తరగతి, రెండో తరగతి వాళ్లకు పెద్ద నోరు, చిన్న బుర్ర ఉన్న రాక్షసుడు చాలు. పది దాకా లెక్కపెట్టడం రాని రాక్షసుడు వాళ్లకు భలే ఇష్టం. అమ్మ నీడ పోవడం వాళ్లు తట్టుకోలేరు. పదేళ్లు దాటిన వాళ్లకు మాత్రం అది కావాలి. అమ్మకు ఏదైనా అవుతుందేమో అన్న భయం ఆ వయసులో లోపల ఎలాగూ తిరుగుతుంటుంది, దాన్ని పట్టుకుని పోరాడే చోటు ఒకటి దొరకాలి.

మన సంప్రదాయంలో చనిపోయినవాళ్లందరూ భయపెట్టేవాళ్లు కారు కూడా. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పేరు పేరునా తలుచుకుని ఇంటికి పిలుచుకుంటాం, బియ్యం ఇస్తాం, వండి పెడతాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పితరులు, సాయంత్రం పూలు. ఇంత మంచి రోజు మీద పిల్లలకు ఒక్క మంచి దయ్యం కథ లేకపోవడం నన్ను బాధపెడుతుంది. ఎవరైనా రాయాలి.

ఇక కథ చివర్లో దయ్యం లేదు, అది గుడ్లగూబ, లేదా దొంగ అని తేల్చే పద్ధతి గురించి. ఆ పెద్దాయన అలాంటివైతే ఫర్వాలేదన్నారు. అప్పుడప్పుడు బాగానే ఉంటుంది. ప్రతిసారీ అలా చేస్తే పిల్లలు మొదటి పేరాలోనే గుడ్లగూబను పట్టేసి పుస్తకం మూసేస్తారు. మాయ కథలో మాయను ఉండనివ్వాలి. గుట్టు విప్పే పని సైన్సు పీరియడ్‌లో జరగాలి, మా బడిలో జరుగుతుంది కూడా. మూడు బాటల కాడ నిమ్మకాయల పక్కన పోసిన ఎర్రనీళ్లను చూసి మా పిల్లలు చుట్టు తిరిగి నడిచేవాళ్లు. మా సైన్సు సార్ పసుపు నీళ్లలో సున్నం కలిపి వాళ్ల కళ్ల ముందే ఎర్రగా చేశారు, తర్వాత నిమ్మరసం పిండి మళ్లీ పసుపు రంగుకు తెచ్చారు. చాకుకు మందారపువ్వు రుద్ది నిమ్మకాయ కోస్తే రసం ఎర్రగా ఎందుకు కారుతుందో పిల్లల చేతే చేయించారు. అదే పిల్లలు మరుసటి పీరియడ్ నా దగ్గర కూర్చుని గడి కథ విన్నారు, భయపడ్డారు. రెండూ ఒకే బుర్రలో హాయిగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఆ నీళ్ల పక్కనుంచే నడిచామని మర్నాడు చెప్పారు.

కనుక పిల్లల పేజీలోంచి మాయల కథలను తీసేయకండి. వచ్చే కథల్లో మంత్రగత్తె ఎవరో చూసి ఎంచండి. ముసలితనం, వైధవ్యం, గూని, ఒంటికన్ను, నలుపు, పరాయి మతం, వీటిని దుష్టత్వానికి గుర్తులుగా వాడిన కథ ఎంత బిగువుగా ఉన్నా తిప్పి పంపండి, ఎందుకు పంపుతున్నారో రచయితకు రెండు ముక్కలు రాయండి. చాలామంది తెలియక రాస్తారు, చెప్తే మార్చుకుంటారు. "ఇది నిజంగా జరిగింది" అన్న అట్టహాసంతో వచ్చే దయ్యం కథను మాత్రం పిల్లల పేజీలోనే కాదు, ఏ పేజీలోనూ వేయకండి.

ఇంకొక మాట కూడా చెప్పకుండా ఉండలేను. తాయెత్తుతో, మంత్రంతో, కవచంతో రోగాలు కుదురుస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా అలాంటివి బస్టాండు గోడల మీద, ఆటోల వెనక, పత్రికల చిన్న ప్రకటనల్లో కనిపిస్తూనే ఉన్నాయి. నా విద్యార్థి పిల్లల పేజీలో కథ చదివి, కాగితం తిప్పి ఆ ప్రకటన కూడా చదువుతాడు. కథలో మాంత్రికుడు ఫోన్ నెంబరు ఇవ్వడు. ప్రకటనలో మాంత్రికుడు ఇస్తాడు, వాళ్ల అమ్మ పుస్తె అమ్మించి తీసుకుంటాడు. మూఢనమ్మకం మీద పోరాడదలిస్తే ఆ కాగితానికి అటువైపు మొదలుపెట్టమని మీకూ, ఆ పెద్దాయనకూ నా విన్నపం.

ఈ ఉత్తరంతో పాటు గడి కథ పంపుతున్నాను. నిడివి ఎక్కువనిపిస్తే రెండు వారాలు వేయండి, మొదటి వారం అమ్మ నీడ పోయిన చోట ఆపండి. బొమ్మలు వేసేవారికి దయచేసి ఇది చెప్పండి: ఈ దయ్యం మగవాడు. చేతికి ఉంగరాలు, తలకు రుమాలు, కాళ్లకు కిర్రు చెప్పులు. లెక్కల పుస్తకం తెరిచి ఉన్న బొమ్మలో అంకెలు స్పష్టంగా, పెద్దగా రాయమనండి. పిల్లలు ఆ తప్పును కథలో పిల్ల కంటే ముందు పట్టుకోవాలి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
మెదక్ జిల్లా